ఆ పచ్చడి నా కోడలిది

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. మిర్చి కోతలప్పుడు ఇంటింటా పండుమిరప పచ్చడి పెడతారు. మా ఇంట్లో పెట్టేది మా కోడలు. మధిర వైపు పిల్ల. కాయలను గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, ఉప్పూ చింతపండూ వేసి దంచి, మూడు రోజులు జాడీలో ఊరనిచ్చి, అప్పుడు వెల్లుల్లీ మెంతిపిండీ కలిపి మళ్లీ రుబ్బేది. అది వాళ్లమ్మ పద్ధతి. మా వైపు మేము అంత ఓపిక పట్టం. బడి టీచర్లు ఒకసారి రుచి చూసి సీసాల్లో పెట్టించుకుపోయారు. తర్వాత వాళ్ల చుట్టాలు అడిగారు. అట్లా రెండు మిర్చి కాలాలు తిరిగేసరికి దాని పచ్చడి తల్లాడ దాకా పోయింది.

అప్పుడే మా మహిళా సంఘం లీడరు వాకిట్లోకి వచ్చి చెప్పింది. పంటతో సొంతంగా వ్యాపారం పెట్టుకునే ఆడపిల్లలకు సర్కారు వాళ్లు ట్రైనింగు ఇస్తారట. రుబ్బే మిషను, లైసెన్సు, సీసా మీద అంటించే పేరు, అన్నీ దగ్గరుండి ఇప్పిస్తారట. ముప్పై అయిదేళ్లు నిండకూడదు. వాళ్లే ఇంటికొచ్చి, చేసేది కళ్లారా చూసి ఎంపిక చేస్తారట.

"నీకెన్నేండ్లే?" అని కోడలిని అడిగింది.

"ముప్పై నాలుగు నిండాయక్కా."

"అయితే గిదే ఆఖరు బస్సు. జల్దీ ఎక్కు."

ఫారం అదే నింపుకుంది. మిషను ఎక్కడ పెట్టాలో పశువుల కొట్టంలో సుద్దముక్కతో గీసుకుంది కూడా. వాళ్లు వచ్చే రోజుకు సరిగ్గా ఊరేటట్టు లెక్క చూసుకుని, మూడు రోజుల ముందే జాడీ నింపింది.

ఆ పొద్దున పెరటి గుమ్మం అవతలే నిలబడిపోయింది.

"అత్తమ్మా, బయట చేరాను."

"అయ్యో, గీ పొద్దే కావాల్నా!"

"తలస్నానం చేసొచ్చి నేనే కలుపుతానత్తమ్మా. వాళ్లకేం తెలుస్తుంది?"

"జాడీ ముట్టుకుంటవా? రేపు బూజు పట్టిందంటే ఊరంత మన మొఖాన ఊంచుతది. నువ్వు కొట్టంల కూసో. నేను జేసి చూపిస్త. నాకు రాదా ఏంది?"

ఆ రోజుల్లో చెయ్యి తగిలితే పచ్చడి చెడిపోతుందని మా అమ్మ నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. ఎదురు చెప్పే పిల్ల కాదు. చాప తీసుకుని పోయింది.

ఒక సారు, ఒక మేడం వచ్చారు. కోడలికి ఒంట్లో బాగాలేదని చెప్పి రోలు ముందు నేను కూర్చున్నాను. చెయ్యి ఆడుతుంటే నా నోరు ఊరుకోదు. "పెండ్లయిన కొత్తల నా పచ్చడి తిని మా మామ మూడు చెంబుల నీళ్లు తాగిండు. పిల్ల మంచిదే, చెయ్యే మంచిది కాదన్నడు" అన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"ఈ పద్ధతి ఎవరిదమ్మా?" అన్నాడు సారు.

"మా ఇంటిదే బిడ్డా. కోడలికి నేనే నేర్పిన."

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నవ్వే మనుషుల ముందు మాట అట్లా జారిపోయింది.

మేడం మాత్రం కొట్టం దగ్గరికి నడిచింది. నేనూ వెనకే పోయాను. కోడలు లేచి నిలబడింది.

"ఈ వ్యాపారం నీదా, మీ అత్తమ్మదా?"

కోడలు నా వైపు చూసింది. చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో నేనే అందుకున్నాను. "ఒక్కింట్ల నీది నాది అనేదేంది మేడం? ఎవరిదైతే ఏంది, అంత ఒక్కటే."

మేడం తల ఊపి రాసుకుంది. గొప్ప మాట చెప్పాననుకున్నాను.

లిస్టులో కోడలి పేరు రాలేదు. లీడరు వచ్చి వాకిట్లోనే నన్ను కడిగేసింది. "వ్యాపారం అత్తదట, కోడలు సాయం జేస్తదట, గట్ల రాసుకున్నరు. నీ నోరే దాని నోట్ల మన్ను గొట్టింది పెద్దమ్మా!"

మర్నాడే ఆటో ఎక్కి ఆ సారు వాళ్ల ఆఫీసుకు పోయాను. సారు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు. "తప్పు నాది బిడ్డా. పచ్చడి దానిది, పద్ధతీ దానిదే. ఆ పొద్దు అది బయట చేరింది. నేనే ముట్టనియ్యలే" అన్నాను. సారు తల దించుకున్నాడు.

పక్క బల్ల దగ్గర ఉన్న మేడం అంది, "గా ముక్క నా చెవుల వేస్తే ఇంకో రోజు వచ్చేటోళ్లం గదమ్మా."

నాకు ఆ సంగతి తోచనే లేదు. లిస్టు పైకి పోయిందట. మళ్లీ ఏడాదికే కొత్త ఫారాలట. అప్పటికి దానికి ముప్పై అయిదు నిండుతాయి.

ఇంటికొచ్చి కోడలికి అంతా చెప్పాను. అది బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. కోపం కూడా పడలేదు. "మీరు మెచ్చుకుని మీ తమ్ముడింటికి పంపిన జాడీ, నేను బయట చేరిన రోజుల్లో పెట్టిందే అత్తమ్మా. అప్పుడు మీరు ఊళ్లో లేరు" అంది. మా తమ్ముడు ఆ పచ్చడి ఏడాదంతా తిన్నాడు.

పచ్చడి సీసాలు అడిగే వాళ్లకు కోడలు ఇప్పుడు లేవనే చెబుతుంది. మిర్చి కోతలకు కూలికి పోతోంది.

ఈసారి కాయలు ఇంటికొచ్చి జాడీలో ఊరాక, ఒక పొద్దున బయట చేరానని చెప్పింది. నేను జాడీ తెచ్చి దాని ముందు పెట్టాను. "ముట్టుకో బిడ్డా. నువ్వే కలుపు."

అది జాడీ వంక చూసింది. "ఇంట్లోకేగా అత్తమ్మా, మీరే కలపండి" అంది.

బయట కూలీల ఆటో హారను కొట్టింది. అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.