సగం ధర ట్యాంకు

నా చిన్నప్పుడు, పదకొండేళ్లకే, ఓ అమెరికన్ వ్యాపారిని బేరంలో పడగొట్టి మా ఇంటికి సగం ధరకే నీళ్ల ట్యాంకు కొనిపెట్టాను. అంత తెలివితక్కువ బేరం మా వంశంలో అంతకుముందు ఎవరూ చేయలేదు.

డెబ్భైల చివర్లో ఇళ్లు వెచ్చబెట్టుకునే ఆయిల్ ధర మండిపోతుంటే, అమెరికాలో చలి ఎక్కువుండే వెర్మాంట్‌లో చాలామందిలాగే నాన్న కూడా బేస్‌మెంట్‌లో కట్టెల బాయిలర్ పెట్టించాడు. దాని పైన మా కిరాణా కొట్టు, ఆ పైన మా ఇల్లు. పక్కింటి తాత రిటైరైన ప్లంబరు. రోజుకోసారి బాగా మంట పెట్టి, ఆ వేడిని ఐదువందల గాలన్ల నీళ్లలో దాచుకుంటే ఇల్లు రోజంతా వెచ్చగా ఉంటుందని చెప్పారు. సరుకు నిలవుంటే నష్టమని ఉగ్గుపాలతో నేర్చినదాన్ని. అన్ని నీళ్లు ఊరికే వేడెక్కి కూర్చోవడం నాకు మింగుడుపడలేదు. నూటఇరవై గాలన్లది చాలని వాదించి, దానికున్న సొట్ట చూపించి ధర సగానికి దింపాను. నాన్న మురిసిపోయి కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. తాత తల గోక్కుని, బిగించి వెళ్లిపోయారు.

చిన్న ట్యాంకు గంటలో కాగిపోయేది. ఇక వేడికి చోటు లేదు కాబట్టి మంట అణచాలి. మూడు గంటల్లో నీళ్లు చల్లారితే మళ్లీ రాజేయాలి. నాన్న కొట్లో, నేను బళ్లో. మేడ మీద ఉన్నది అమ్మ, మూడు వారాల బాలింత. చంటివాడికి చలి తగలకూడదంటే ఆవిడే రెండంతస్తులు దిగాలి.

ఒక శనివారం పొద్దున్నే తాత వచ్చి నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. కట్టెలు వేయడానికి ఎవరు దిగినా గోడ మీద వాళ్ల పేరు కింద గీత పెట్టమన్నారు. లెక్కంటే నాకు సరదా. సాయంత్రానికి అమ్మ కింద మూడు, నాన్న కింద ఒకటి. నా పేరు కింద గోడ శుభ్రంగా ఉంది.

తాత గీతలు లెక్కపెట్టారు. "బేరం బాగానే చేశావు," అన్నారు నెమ్మదిగా. "మిగతా సగం మీ అమ్మ కడుతోంది."

అప్పుడే అమ్మ చెవుల్లో దూది, తలకి గుడ్డ, ఓ చేయి గోడకి ఆనించి మళ్లీ దిగుతోంది. నేను ముందు పరుగెత్తి కట్టెలు వేశాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర పెద్ద ట్యాంకు కొందామన్నాను. నాన్న ముద్ద ఆపాడు.

"ఊరంతా చెప్పుకున్నానే, ఇప్పుడేమని చెప్పను?"

"నీ కూతురికి తెలివి ఎక్కువైందని చెప్పు," అన్నాను.

అమ్మ చాలా రోజులకి నవ్వింది. ఆ వ్యాపారి మాత్రం నన్ను చూసి ఒక్క సెంటు తగ్గించలేదు.

పెద్ద ట్యాంకు వచ్చాక కొట్టు తెరిచేముందు నాన్న ఒక్కసారి మంట వేసేవాడు, అంతే. ఇప్పటికీ ఏదైనా చవగ్గా దొరికితే, దానికి ఇంట్లో ఎవరు చాకిరీ చేయాలో ముందు చూసుకుంటాను.

ఆఖరి లెక్క ఇది. చిన్న ట్యాంకు మీద నేను మిగిల్చింది డెబ్భై ఐదు డాలర్లు. పెద్దదానికి పెట్టింది నాలుగు వందలు. చిన్నది పాత ఇనుముకి వేస్తే వచ్చింది ఆరు. బాలింత అమ్మ మెట్లు దిగింది పంతొమ్మిది రోజులు. అది నేను కట్టలేదు.