రెండుసార్లు పిలవాల్సిన మనిషి

1991లో పెద్దపల్లి స్టేషన్ రోడ్డులో నాకు టేపు రికార్డర్ల రిపేరు షాపు ఉండేది. షాపంటే పెద్దదేమీ కాదు. నేను లోపల కూర్చుంటే గిరాకీ బయట నిలబడాల్సిందే. అప్పటికి పదకొండేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని, అదే సోల్డరింగ్ వాసన పీలుస్తూ, దుబాయి, మస్కట్ పోయినవాళ్లు తెచ్చే టూ-ఇన్-వన్‌లూ వాక్‌మన్‌లూ విప్పి బిగిస్తూ ఉన్నాను.

ఈ పనిలో ఎక్కువ కాలం ఉంటే మనిషికి కాస్త పొగరు వస్తుంది. నాకు కాస్త కాదు, బాగానే వచ్చింది. గిరాకీ నోరు తెరవకముందే డబ్బాలో ఏం పోయిందో చెప్పేసేవాణ్ని. వాళ్లు ఆశ్చర్యపోతే లోలోపల సంబరపడేవాణ్ని. మెకానిక్కులం సాధారణంగా బాగుచేసినవాటి గురించే గొప్పగా చెప్పుకుంటాం. ఇది నేను బాగుచేయకూడనిదాన్ని బాగుచేసిన సంగతి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వానలు ఇంకా మొదలవలేదు. ఒక మధ్యాహ్నం ఎండలో ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకతను ఓదెలు. నలభై దాటినవాడు, మంథని దారిలో ఒక పల్లె. రోజూ పెద్దపల్లి వచ్చి, రైలెక్కి బొగ్గుబాయి పనికి పోయేవాడు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటారు. రెండోవాడు మల్లేశం. అదే ఊరు, అదే బాయి, అదే షిఫ్టు. ఓదెలు కంటే పదేళ్లు చిన్న. నోరు మాత్రం పదింతలు పెద్ద.

ఓదెలు జేబులోంచి రెండు జతల ఇయర్‌ఫోన్లు తీసి కౌంటర్ మీద పెట్టాడు. నెత్తి మీదుగా పెట్టుకునే రకం కాదు, చెవిలోకి దూర్చుకునే చిన్న రకం. అప్పటికి మా వైపు అవి కొత్త.

"రాజేశమన్నా, గీ రెండిట్ల ఏది మంచిదో జర చూసి చెప్పు. ఒకటి మా బామ్మర్ది దుబాయి నుంచి తెచ్చిండు. ఇంకోటి హైదరాబాద్‌ల కొన్న. మంచిది నేనుంచుకుంట, రెండోది గీ మల్లేశంకిస్త."

"ఇన్నవా అన్నా, ఖరాబుది నాకట!" అన్నాడు మల్లేశం.

"ఏమైంది వీటికి?" అన్నాను నేను.

"రెండిట్ల ఎడమదిక్కు సరిగ పల్కుతలేదు. డ్యూటీ దిగి ఇంటికచ్చినంక ఒగ్గుకథ కేసెట్లు ఇనకపోతే నాకు పొద్దుపోదు. టేపు పెద్దగ పెడ్తె ఇంట్ల లొల్లి. ఊరందరికి ఇనిపిస్తున్నవా అని మా ఇంటామె కొట్లాటకస్తది. గందుకే గివి చెవుల పెట్టుకుంటున్న."

"టేపే కాదన్నా, గీయన్ని గూడ పెద్దగనే పిల్వాలె. రెండుసార్లు పిలిస్తెగాని పల్కడు. బాయిల అందరు గదే అంటరు, ఓదెలన్నను రెండుసార్లు పిలువున్రి అని" అంటూ మల్లేశం అతని చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు.

ఓదెలు నవ్వాడు. నేను కూడా నవ్వాను.

పరీక్ష చేయడానికి నా దగ్గర కూడా ఒక ఒగ్గుకథ కేసెటే ఉండేది. దానికి కారణముంది. డోలు మోత కింది స్వరం, అంటే బాస్. తాళాల గలగల పైస్వరం, అంటే ట్రెబుల్. ఇయర్‌ఫోన్ ఏదైనా సరే, డోలూ తాళాలూ రెండూ ఎలా పలుకుతున్నాయో వింటే దాని గుణం తెలిసిపోతుంది. నేను రెండు జతలూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని విన్నాను. దుబాయి జతలో తాళాలు చెవి పక్కనే కొడుతున్నంత స్పష్టంగా ఉన్నాయి, డోలు మాత్రం పొడిపొడిగా ఉంది. హైదరాబాద్ జతలో డోలు నిండుగా ఉంది, తాళాలు దుప్పటి కప్పినట్టు అణిగిపోయాయి. ఒకటి మాట కోసం బాగుంటుంది, ఒకటి మోత కోసం. ఎంత తేడా అంటే చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

నేను కళ్లు మూసుకుని వింటుంటే ఓదెలు చూస్తూ నిలబడ్డాడు. "నీది నాది ఒకటే పని అన్నా" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎట్ల?"

"షిఫ్టు మొదలుగాంగనె నేను ఇనుప కడ్డీతోని రూఫును కొట్టి ఇంట. నెత్తి మీది రాయి. గట్టిదైతె ఖంగుమంటది. లోపల పట్టు ఇడిచిందైతె బోలుగ పల్కుతది. నేను మంచిగుందంటెనే తతిమ్మోళ్లు లోపలికస్తరు. మల్ల కూలే ముందుగాల రాయి చిటచిటమంటది. గా చిటచిట ఇన్నోడు బతుకుతడు."

"ఇరువై ఏండ్ల సంది ఇంటుండు" అన్నాడు మల్లేశం. ఆ ఒక్క మాట మాత్రం ఎగతాళిగా అనలేదు.

నేను ఇయర్‌ఫోన్లు ఓదెలుకిచ్చాను. రెండూ మార్చి మార్చి విన్నాడు. "రెండు ఒక్కతీరుగనె ఉన్నయన్నా" అన్నాడు. పరాచికమాడుతున్నాడేమో అనుకున్నాను. మల్లేశం లాక్కుని పెట్టుకున్నాడు. "ఏందే ఒక్కతీరు? దుబాయిదాంట్ల తాళాలు గణగణమంటున్నయి. గిండ్ల ఏడున్నయి తాళాలు?" అన్నాడు అర నిమిషంలో.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇయర్‌ఫోన్‌లో ఒక వైపు బలహీనంగా ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో పెట్టాలి. లోపం ఇయర్‌ఫోన్‌దైతే బలహీనమైన వైపు కూడా మారిపోతుంది. ఓదెలు చెవుల్లో నేనే తిప్పి పెట్టాను. "ఇప్పుడు ఏదిక్కు తక్కువున్నది?"

"ఎడమదిక్కే."

రెండో జత కూడా తిప్పి పెట్టాను. "ఇప్పుడు?"

"ఎడమదిక్కే అన్నా. ఏం తిప్పినా గంతే."

ఇంకేం చూడాల్సిన పని లేదు. రెండు ఇయర్‌ఫోన్లూ నిక్షేపంగా ఉన్నాయి. ఓదెలు ఎడమ చెవి పోతోంది. తాళాలు వినబడలేదంటే కుడిది కూడా మొదలైంది. డ్రిల్లు మోతలో, పేలుళ్ల మధ్య ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. ఇందులో వింతేముంది?

చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఎన్నిసార్లు తలచుకున్నా ఒక్క కారణం దొరకదు. మల్లేశం ముందు ఆ మాటంటే చిన్నబుచ్చుకుంటాడనిపించింది. నేను డాక్టరునా, నాకెందుకు అనిపించింది. చెవి లేదని తేలితే కడ్డీ పట్టే పని నుంచి తీసేస్తారు, మంచి మనిషి పరేషాన్ అవుతాడు అనిపించింది. ఇవన్నీ కూడా నిజమే. కానీ అన్నిటికంటే పెద్ద నిజం వేరే ఉంది. అప్పటికే నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. అది చేసి చూపించాలని చేతులు గులపెట్టాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అదే అసలు కారణం.

దుబాయి జత వైరు రెండుగా చీలే చోట కోసి, కుడి చెవికి పోయే తీగలో ఒక రెసిస్టర్ అతికించాను. రెసిస్టర్ అంటే కరెంటును కొంచెం అడ్డుకునే ముక్క, బియ్యపు గింజంత ఉంటుంది. దానితో కుడి వైపు శబ్దం తగ్గుతుంది. ఇక వాల్యూమ్ పెంచుకుంటే ఎడమ చెవిలో గట్టిగా, కుడి చెవిలో మామూలుగా పలికి, వినే మనిషికి రెండూ సమానమనిపిస్తాయి. మా పనిలో దీన్ని బ్యాలెన్స్ చేయడం అంటాం. పైన నల్ల టేపు చుట్టి ఇచ్చాను.

ఓదెలు పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు రెండుదిక్కుల సమానంగ పల్కుతున్నది! నీ చేతుల ఏమున్నదో గాని, అన్నా!"

"వైర్ల జర లూజున్నది, అంతే" అన్నాను.

ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో! మల్లేశం హైదరాబాద్ జతను చెవుల్లో పెట్టుకున్నాడు. వాక్‌మన్ లేదు, ఏమీ లేదు. వైరు గాలికి ఊగుతుండగా ఏదో పాట వింటున్నట్టు తలాడిస్తూ రోడ్డు మీద నడిచిపోయాడు. నేను అతన్ని చూడడం అదే ఆఖరు.

దసరా దాటాక ఒకరోజు రైలు దిగినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. బాయిలో రూఫు కూలిందట, మంథని దిక్కు మనిషి ఒకడు పోయాడట. ఓదెలే అనుకున్నాను. రెండు రోజులకు పేరు తెలిసింది. మల్లేశం. ఓదెలు కాదని తెలియగానే మొదట ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత, పోయినవాడు మల్లేశమని అర్థమైంది. నా చేతిలో ఉన్న పని అక్కడే పెట్టేసి షాపు మూసుకుని ఇంటికి పోయాను.

నెల రోజులకు ఓదెలు వచ్చాడు, ఒక్కడే. గడ్డం పెరిగింది. ఎడమ చెయ్యి కట్టుతో ఉంది. దుబాయి ఇయర్‌ఫోన్ కౌంటర్ మీద పెట్టాడు. కూర్చోమని నా స్టూలే బయటికిస్తే కూర్చోలేదు.

"దవాఖానల చెవులు చూసిండ్రు అన్నా" అన్నాడు. "డాక్టరు గూడ నా చెవులకు ఏదో పెట్టి సప్పుడు ఇనిపిచ్చిండు. నీ లెక్కనె ఇటుదటు తిప్పి పెట్టిండు. ఎడమది పోయింది, కుడిది సగం పోయింది అన్నడు. అబద్ధం సారూ, మా ఇంట్ల ఇయర్‌ఫోన్ల రెండుదిక్కుల సమానంగ ఇనవడ్తది అని నేనన్న. గప్పుడు యాదికచ్చింది. నువ్వు గూడ తిప్పి పెట్టినవ్."

నేను తల వంచుకున్నాను.

"గా దినమే నీకెరుకేనా?"

"ఎరుకే" అన్నాను.

తిడతాడనుకున్నాను. కొడితే కొట్టనీ అనుకున్నాను, నిజంగా. అతను తిట్టలేదు. జరిగింది చెప్పాడు. ఆ రోజు కడ్డీతో కొట్టి చూసి మంచిగుందన్నాడు. అందరూ లోపలికి వచ్చారు. కొంతసేపటికి ఎడమ వైపు రాయి చిటచిటమంది. అందరికీ వినబడింది, ఉరికారు. ఓదెలు మాత్రం అటే వీపు పెట్టి రూఫుకు ఆనించిన కర్ర సపోర్టు సరిచేస్తున్నాడు.

"మల్లేశం ఉరుకుతనె నన్ను పిలిచిండట. ఎన్కున్నోళ్లు చెప్పిండ్రు. నాకు ఇనవడలే." అన్నాడు ఓదెలు. "రెండోసారి పిలువనీకి దగ్గరికచ్చిండన్నా. నన్ను పక్కకు నూకిండు. గంతే. రాయి ఆని మీద పడ్డది."

నాకు ఏడుపు ఆగలేదు. కౌంటర్ వెనక కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఓదెలు నన్ను ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు.

"నువ్వొక్క మాట చెప్తే నేను ముందే దవాఖానకు పోదును. కడ్డీ ఇంకెవలకన్న ఇద్దురు" అన్నాడు. "నీ తప్పొక్కటే కాదు తియ్యి. రెండుసార్లు పిలువాలని అందరు అంటుంటె, ఎందుకంటుండ్రో నేనన్న సోంచాయించలేదు. నవ్వుకుంట తిరిగిన. కాని నీకు ఎరుకుండె గదనే."

నేను ఇయర్‌ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వు పెట్టిందేదో తీసెయ్యి" అన్నాడు. టేపు విప్పి, రెసిస్టర్ కోసేసి, తీగ మళ్లీ అతికించాను. రెండుసార్లు సోల్డర్ సరిగ్గా అంటలేదు. అదే ఒగ్గుకథ కేసెట్ పెట్టి ఇచ్చాను. చెవుల్లో పెట్టుకుని విన్నాడు. తల కొంచెం కుడికి వాలింది.

"ఎడమదిక్కు ఏం లేదు" అన్నాడు. ఇయర్‌ఫోన్ జేబులో వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

తర్వాత అతనికి పైనే ఏదో పని ఇచ్చారు. పెద్దపల్లి వచ్చినప్పుడు అప్పుడప్పుడు షాపు ముందు ఆగేవాడు. నేను బయటికి వచ్చి అతని కుడి వైపు నిలబడి మాట్లాడేవాణ్ని.

ఆ తర్వాత ఎవరు ఇయర్‌ఫోన్ తెచ్చినా తిప్పి పెట్టి చూడడం, తెలిసింది మొహం మీదే చెప్పడం అలవాటు చేసుకున్నాను. కొందరు కోప్పడ్డారు. నాకే చెవుడంటావా అని ఒకాయన కేసెట్ విసిరేసి పక్క షాపుకు పోయాడు. పోనీ. యంత్రంలో లోపం లేనప్పుడు యంత్రాన్ని ముట్టుకోకూడదని, కనిపెట్టినవాడు నోరు మూసుకుంటే కనిపెట్టనివాడి కంటే ఎక్కువ నష్టం చేస్తాడని నేర్చుకున్నాను. ఇది నేర్చుకోవడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది.

ఆ రోజు ఓదెలు నన్ను అడిగింది చిన్న ప్రశ్న. రెండిట్లో ఏది మంచిదని. జవాబు నా దగ్గర ఉంది, చెప్పడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు. రెండూ మంచియే ఓదెలన్నా, నువ్వు ముందుగాల నీ చెవులు చూపించుకో.