నల్లచెవుల గాడిద నీళ్ళు తాగిన రోజు

నా చిన్నప్పుడు మా నాన్న ఎవరినైనా తిట్టాలంటే మొదట నోటికొచ్చేది గాడిద పేరే. ఆ తిట్టు ఎక్కడ విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డోన్‌లో మా ఇల్లు కట్టేటప్పుడు ఊరవతలి వంకలోంచి ఇసుకంతా మోసింది రెండు గాడిదలు. వాటిని తోలే ముసలాయన మా వీధి చివర ఉండేవాడు. అందరం గాడిదల తాత అనేవాళ్ళం. ఒకటి బూడిదరంగుది, రెండోది నల్లచెవులది. బరువు దించగానే ఒకదాని మెడ ఒకటి పళ్ళతో గీరుకుంటూ నిలబడేవి. ఒకటి వెనకబడితే రెండోది అడుగు వేసేది కాదు. అంత స్నేహం నేను మనుషుల్లో కూడా తక్కువే చూశాను.

ఒక ఉదయం బూడిదరంగుది పాము కరిచి చనిపోయింది. పశువు పోతే ఎండెక్కకముందే బండికెత్తి ఊరిబయట వేసిరావడం మా దగ్గర అలవాటు. బండి కూడా వచ్చింది, కానీ తాత ఎత్తనివ్వలేదు. గోడ పని ఆగిపోతుందని మా నాన్న కోప్పడ్డాడు, ఇరుగుపొరుగు వాసనొస్తుందని గొణిగారు. తాత నల్లచెవులదాని తాడు విప్పి, చనిపోయినదాని దగ్గర వదిలి, తనూ పక్కనే గొంతుకూర్చున్నాడు.

"ముందొకసారి ఇట్లనే బిరీన ఎత్తించేసినా సామీ" అన్నాడు మా నాన్నతో. "రెండోది దాన్ని ఎతుక్కుంటా వీధులెంబడి అరిచి అరిచి, మేత ముట్టక సచ్చిపాయ. జత పోయిందని దానికి మనమెట్ల చెప్తాం? అదే చూసి తెలుసుకోవాల."

ఈ ఒక్కటీ పోతే తాతకు బతుకుతెరువు లేదని నాకు తెలుసు. అరుగు మీద కూర్చుని బిక్కుబిక్కుమంటూ చూశాను. అది వాసన చూసింది. మూతితో నెట్టింది. ఎప్పటిలాగే మెడ గీరి, తన మెడ వంచి కాసేపు ఎదురుచూసింది. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడి, ఎవరూ అదిలించకుండానే తనంతట తాను తిరిగి, తొట్టి దగ్గరికి నడిచి నీళ్ళు తాగింది. తాత అప్పుడు బండివాణ్ణి పిలిచాడు. ఆ రోజు తర్వాత మా నాన్న నోట ఆ తిట్టు నేను వినలేదు.

చాలా ఏళ్ళకు కడపలో మా ఆయన పోయినప్పుడు, ఎనభై దాటిన మా అత్తకు చూపించవద్దని చుట్టాలంతా పట్టుబట్టారు. ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన పక్కనే కుర్చీ వేయించి, తొందరపెట్టేవాళ్ళను గడప దగ్గరే ఆపాను. ఆమె కొడుకు జుట్టు నిమురుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత తనే తలెత్తి నా వైపు చూసి, "ఇన్ని నీళ్ళియ్యమ్మా" అంది.