వేణ్ణీళ్ల బేసిన్, డెబ్భై గింజలు

రోజూ ఉదయం ఐదుంబావుకు ఇసక్కిసెల్వి ఇరవై రెండు చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో ముంచుతుంది. తమిళనాట కోవిల్‌పట్టి శివార్లలో ఆమె ఆయాగా పనిచేసే వృద్ధాశ్రమంలో కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లు పదకొండు మంది. నీళ్ల వేడి ముందు తన మోచేత్తో చూసుకుంటుంది. ఎర్రగా వాచి కాలుతున్న వేలు కనిపిస్తే ఆ చేతికి ఆ పూట నీళ్లు లేవు, నర్సుకు కబురు వెళ్తుంది. తొమ్మిదేళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు సర్దిన మనిషి. వేళ్ల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ శనివారం నాలుగున్నరకే నీళ్లు పెట్టింది. విరుదునగర్ ఆశ్రమంలో వామనగుంటల పోటీ. ఇక్కడి తరఫున ఆడేది డెబ్భై ఆరేళ్ల సీనియమ్మాళ్. కిందటేడు ఆమె వేళ్లు మొరాయించి చింతగింజలు జారిపోతుంటే, పక్కనున్న మనిషి చూడలేక చెయ్యి వేసింది. ఎవరి గింజలు వాళ్ల చేత్తోనే వెయ్యాలన్నది నియమం. సీనియమ్మాళ్‌ను ఆటలోంచి తీసేశారు. ఏడాదిగా ఆమె నోట అదే మాట.

"ఈ తడవ ఒక్క గింజ ఇంకొకరు ముట్టేదానికి లేదు మే సెల్వీ," అంది వ్యాన్ ఎక్కుతూ.

"ముట్టరు పెద్దమ్మా. నువ్వు ముందు ఆ కమ్మీ గట్టిగా పట్టుకో."

"గట్టిగా పట్టేదానికి వస్తే నేనేంటికి మే ఈడ ఉంటాను!"

వ్యానంతా నవ్వు. దారిలో సాత్తూరు దాటేసరికి ఆ నవ్వు తగ్గింది. గంటసేపు కదలకుండా కూర్చోవడంతో పొద్దున వదులైన కీళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. ఆట బల్ల ముందు కూర్చుని సీనియమ్మాళ్ మొదటి గుంటలోంచి ఐదు గింజలు తీయబోతే మూడే వచ్చాయి. వాటిలో ఒకటి నేల మీద పడింది.

పోటీ నడిపే కుమారవేల్ గడియారం చూసుకున్నాడు. "ఐదు నిమిషాలు ఇస్తా. అప్పటికీ ఆడలేకపోతే గెలుపు ఎదుటివాళ్లదే," అన్నాడు తమిళంలో.

ఇసక్కిసెల్వి వంటింట్లోకి పరుగెత్తింది. వంటమనిషి ముత్తురామన్ అన్నం వారుస్తున్నాడు.

"అణ్ణా, సుడునీళ్లు!"

"టీ పెట్టడానికా?"

"చేతికి!"

అతనికి అర్థమయ్యేలోపే పక్క పొయ్యి మీద కాగుతున్న నీళ్లు ఒక చెంబు, కుళాయి నీళ్లు రెండు చెంబులు అక్కడున్న బేసిన్‌లో పోసేసింది. మోచెయ్యి పెట్టి చూసి ఇంకాస్త చన్నీళ్లు కలిపింది. నాలుగో నిమిషానికి బేసిన్ సీనియమ్మాళ్ పక్కన స్టూలు మీద ఉంది.

కుమారవేల్ నియమాల కాగితం రెండువైపులా తిప్పి చూశాడు. అందులో బేసిన్ ఊసే లేదు. సరే కానివ్వమన్నాడు.

ఎదుటామె ఆడుతున్నంతసేపూ సీనియమ్మాళ్ చెయ్యి నీళ్లలో. తన వంతు రాగానే తుండుగుడ్డతో తుడుచుకుని గింజలందుకుంటుంది. రెండో వంతుకు చూపుడువేలు వంగింది. మూడో వంతుకు ఐదు గింజలూ ఒక్క ఊపున లేచాయి. చుట్టూ వేసుకుంటూ పోతే చివర ఖాళీ గుంట తగిలింది, దాని పక్కగుంటలోని పదకొండూ ఆమెవే. కోవిల్‌పట్టి వాళ్లు బల్ల చరిచారు.

ఎదురుగా ఆడుతున్న మారీశ్వరి, విరుదునగర్ ఆశ్రమం ఆవిడ, ఆట ఆపి తన వంకర వేళ్లు చూసుకుంది. "ఏమ్మా, నాకూ ఒక బేసిన్ తెస్తావా?" అని తెలుగులోనే అడిగింది.

"తేవద్దు మే!" సీనియమ్మాళ్ అరిచింది. "నువ్వు ఏ పక్క?"

"ఆయమ్మ వేళ్లు నీ వేళ్ల కంటే అన్యాయంగా ఉండాయి పెద్దమ్మా, చూడు," అంటూనే ఇసక్కిసెల్వి వంటింటి వైపు నడిచింది.

రెండో బేసిన్ వచ్చాక మారీశ్వరి చెయ్యి ఆగలేదు. వరసగా రెండు వంతుల్లో పదిహేను గింజలు లాగేసింది. కోవిల్‌పట్టి వాళ్లు ఇసక్కిసెల్విని కొరకొరా చూశారు. ఆమె అదేమీ చూడలేదు. పిడికిళ్లు బిగించి, సీనియమ్మాళ్ బొటనవేలినే చూస్తోంది. ఆ వేలు రెండు గింజల్ని నొక్కిపట్టి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ వేసి, ఖాళీ గుంట దాటి చివరి కుప్పను అందుకుంది. ఒక్క గింజ కూడా జారలేదు.

కుమారవేల్ రెండుసార్లు లెక్కపెట్టాడు. సీనియమ్మాళ్ ముప్పై ఏడు, మారీశ్వరి ముప్పై మూడు.