సర్వే అడగని మొలతాడు

మా పల్లెలో పిల్లల సెంటర్ మూతపడింది గది కూలి కాదు, పిల్లలు లేకా కాదు. తల్లులు చెప్పిన ఒక్క మాటకు మూతపడింది. "ఏం మారలేదు" అన్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు చెవిలో చీమ దూరినట్టు ఉంటుంది.

మాది పెనుకొండ దగ్గర పల్లె. ఇక్కడి ఆడవాళ్లలో సగం మంది పొద్దున్నే ఎర్రమంచి వైపు ఫ్యాక్టరీల్లో ఊడ్చే పనికో, క్యాంటీన్లలో గిన్నెలు తోమే పనికో పోతారు. మిగిలినవాళ్లు చేను పనికి. అంగన్‌వాడీ ఉన్నది పై ఊళ్లో. మరి చంటిపిల్లల్ని ఎక్కడ వదలాలి? ఒక సేవా సంస్థ వాళ్లు వచ్చి, పాత రాగుల గోడౌను శుభ్రం చేయించి, సున్నం కొట్టించి, పగలంతా పిల్లల్ని చూసుకునే సెంటర్ పెట్టారు. వండడానికీ, చూసుకోవడానికీ నన్ను పెట్టుకున్నారు. నేను చదివింది మూడో తరగతి. కానీ ఏ పాపకు ఏ నెలలో ఏ పన్ను వచ్చిందో, ఎవరు గుడ్డు తింటారో, ఎవరు సొన కక్కుతారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

పొద్దున రాగి జావ. మధ్యాహ్నం సంగటి, ఆకుకూర పప్పు. సాయంత్రం చెనక్కాయలూ బెల్లమూ దంచిన ఉండ. దూలానికి ఒక ముల్లు తూకం వేలాడేది. దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల కట్టి నెలకొకసారి పిల్లల్ని తూచేదాన్ని. సూపర్‌వైజరమ్మ వచ్చినప్పుడు నేను నోటితో చెబితే ఆమె పుస్తకంలో రాసుకునేది. ఒక వానాకాలం ఆ తూకం స్ప్రింగు తెగింది. బాగు చేయించండి అని నేను చెప్పినప్పుడల్లా ఆమె సరే అనేది. సరే అనడానికి ఏం పోతుంది?

మా ఎదురింటి కోడలు నాకు కోడలి వరస. నన్ను అత్తా అని పిలుస్తుంది. ఆమె చిన్నపాప సెంటర్‌కు వచ్చిన మొదటిరోజు ఎత్తుకుంటే చేతిలో ఏమీ లేనట్టు ఉంది. మెడ వేలాడేసేది. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఆ పాప నా వెనకాలే పొయ్యి దాకా వచ్చి, "ఇంకో ముద్ద" అని కొంగు లాగేది.

పాప కోలుకుందన్న మాట నేను ఎవరి ముందూ అనలేదు. అనకూడదు. మా వైపు పిల్ల బాగుంది అని ఎవరూ అనరు. కన్నతల్లి అసలే అనదు. అంటే దిష్టి. ఎవరైనా పొరపాటున బుగ్గలు ముద్దుగా ఉన్నాయి అన్నారంటే ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో పడాల్సిందే. సెంటర్‌లో కూడా పిల్లలందరికీ అరికాలికి కాటుక చుక్క పెట్టేది నేనే. ఈ సంగతి మా ఊళ్లో కోళ్లక్కూడా తెలుసు. సర్వే రాయించిన వాళ్లకు మాత్రం తెలియదు.

సర్వేకు వచ్చింది హిందూపురం అమ్మాయి. కన్నడం, తెలుగు కలిపి గబగబా మాట్లాడేది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. అది నాకు నచ్చింది. చేతిలో పలక లాంటి టాబ్ ఉంది. తల్లుల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినే అడిగింది.

"అక్కా, పాప ఈ సెంటర్‌కు రాకముందుకీ ఇప్పటికీ ఆరోగ్యంలో ఏం తేడా ఉండాది? చాలా బాగైంది, కొంచెం బాగైంది, ఏం మారలేదు. మూడింట్లో ఒకటి చెప్పు."

మా ఎదురింటి కోడలు పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. "ఏం బాగు లేమ్మా. అట్లే ఉండాది. చూడు, ఈనెపుల్ల మాదిరి."

"తిండి బాగా తింటాందా?"

"యాడ తింటాది? ముద్ద చూపిస్తే మూతి తిప్పుకుంటాది."

ఆ పొద్దునే పాప గిన్నె నాకి నాకి అద్దంలా చేసింది. తల్లి పాప చేతికున్న జావ మరకను కొంగుతో తుడుస్తూనే ఆ మాట చెప్పింది.

పక్కనున్న ఆమె అందుకుంది. "మాదీ అంతేనమ్మా. గాలి తిని బతుకుతాంది."

"మాదానికి గాలి కూడా సరిపడదు," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. హిందూపురం అమ్మాయి నవ్వుతూనే టాబ్ మీద వేలు ఆనించింది. ఏం మారలేదు. ఏం మారలేదు. ఏం మారలేదు.

నేనేం చేశాను? గడపలో నిలబడి తలూపాను. దాచుకోవడం ఎందుకు, మనసులో మెచ్చుకున్నాను కూడా. మావాళ్లు తెలివైనవాళ్లు, పరాయి మనిషి ముందు నోరు జారలేదు అనుకున్నాను. ఆ అమ్మాయి పోతూ పోతూ పాప బుగ్గ గిల్లితే, వెనకాలే తూ తూ అన్నది నేనే.

చెనక్కాయలు పీకే రోజుల్లో సూపర్‌వైజరమ్మ వచ్చి చెప్పింది, వచ్చే నెల నుంచి సెంటర్ ఉండదని. "సర్వేలో మీ ఊరికి ఏమీ ఉపయోగం లేదని వచ్చింది," అంది. నాకు పొయ్యి మీద పప్పు మాడిన వాసన కూడా తెలియలేదు.

మర్నాడు ధర్మవరం బస్సెక్కాను. సంస్థ పెద్దాఫీసు అక్కడ. పట్టుచీరల అంగళ్లు దాటి, మేడ మీద గది. నన్ను బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. అక్కడి సారు మంచిగానే మాట్లాడాడు. మంచిగా మాట్లాడేవాళ్ల మీద కోపం ఎక్కువ వస్తుంది నాకు, అరవడానికి సందివ్వరు.

"మేము అన్నది కాదమ్మా. మీ ఊరి తల్లులే చెప్పినారు." కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "ఈ గుండ్రం చూడు. ఎర్రగా ఉండేదంతా ఏం మారలేదు అన్నవాళ్లు. మార్పు కనబడే ఊళ్లలోనే నడపగలం. మాకూ పైవాళ్లు ఉండారు."

"దిష్టి తగులుతాదని అట్ల చెప్పినారు సార్. మా వైపు అట్లే చెప్తారు. మీరు తిరగేసి రాసుకోండి."

పక్క టేబుల్ అబ్బాయి పకపకా నవ్వాడు. సారూ నవ్వాడు. "తిరగేయడానికి ఇదేమన్నా దోసెనా అమ్మా? రుజువు కావల్ల. తూకం పుస్తకం చూస్తే నాలుగు నెలలుగా ఖాళీ."

"స్ప్రింగు తెగిందని ఎన్నిసార్లు చెప్పినా సార్ మీ సూపర్‌వైజరమ్మకు? అంతకుముందు తూకాలన్నీ నా నోట్లో ఉండాయి. చెప్తా రాసుకోండి. మా ఎదురింటి పాప వచ్చినప్పుడు ఆరున్నర కిలోలు. ఉగాదికి ఏడూ ముప్పావు. ఆషాఢంలో జొరమొచ్చి పావు తగ్గింది. ఆ పక్కింటి..."

"అమ్మా, అమ్మా. నోటి మాట లెక్కలోకి రాదు."

అప్పుడు నాకు ఒళ్లు మండింది. "మరి తల్లులు చెప్పింది ఏంది సార్? కాలితో చెప్పినారా?"

నవ్విన అబ్బాయి తల దించుకున్నాడు. సారు కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, రిపోర్టు పంపేశామమ్మా అన్నాడు. అంతే. ఒక ఊరి పిల్లల అన్నం అంత చిన్న మాటతో అయిపోయింది. పెరిగిన పిల్లలు అక్కడే ఉన్నారు, కళ్ల ముందే ఆడుకుంటున్నారు. ఒక్కరైనా ఎత్తుకుని చూశారా? కొలిచారా? తల్లి అభిప్రాయం అట! కన్నతల్లి తన బిడ్డ గురించి పరాయివాళ్లకు నిజం చెప్తుందని వీళ్లకు ఏ బడిలో నేర్పారో!

సెంటర్ మూసేశారు. పిల్లలు తల్లుల వెంట చేలకు పోయారు. గట్టు మీద చీర పందిరి, దాని కింద పిల్ల. తల్లి సాలు చివరికి పోయి వచ్చేదాకా మట్టి తింటుంది, ఎండకు తిరుగుతుంది. ఎదురింటి కోడలికి క్యాంటీన్ పని పోయింది, పిల్లను తీసుకురావద్దన్నారు. కూలికి పోతూ పాపకు పొద్దున చల్లన్నం పెట్టేది, మళ్లీ దీపాల వేళకే. నాకు చేతనైన రోజు నేను పిలిచి పెట్టేదాన్ని. కానీ నా ఇంట్లోనూ ఒక కుండే కదా.

చింతపండు దిగే కాలానికి ఆ హిందూపురం అమ్మాయి మళ్లీ వచ్చింది. సెంటర్ మూసిన ఊళ్లలో ఇంకో సర్వే అట. అదే టాబ్. ఆదివారం. ఎదురింటి అరుగు మీద తల్లులందరూ చింతపండు కొట్టి గింజ తీస్తున్నారు. నేనూ ఒక మూల కూర్చున్నాను. పిల్లలు గింజలతో ఆడుతున్నారు.

"సెంటర్ మూసినాక పాప ఆరోగ్యం ఏమన్నా తగ్గిందా అక్కా? చాలా తగ్గింది, కొంచెం తగ్గింది, ఏం మారలేదు."

ఎదురింటి కోడలు సుత్తి ఆపలేదు. "ఏంటికి తగ్గుతాది? మా బిడ్డను మేం సాకలేమా?"

"అయితే ఏం మారలేదు అని రాసుకుందునా?"

"రాసుకో."

వినండి. అప్పుడు బాగుందని చెప్పడానికి దిష్టి అడ్డం. ఇప్పుడు చిక్కిందని చెప్పడానికి పరువు అడ్డం. రెండుసార్లూ ఒకే మాట. రెండుసార్లూ ఆ అమ్మాయి అదే బొత్తాం నొక్కబోయింది. నేను లేచి టాబ్ మీద చెయ్యి పెట్టాను.

"ఆగు పాపా. నువ్వు అడిగేదే తప్పు."

"ఏమవ్వా?"

"బాగుండాదా, బాగలేదా అని మాకాడ అడగద్దు. మేము చెప్పం. నేను అడుగుతా చూడు." తల్లుల వైపు తిరిగాను. "ఏమ్మే, సెంటర్ ఉన్నప్పుడు ఈ పిల్లల మొలతాళ్లు వదులు చేసి చేసి నా వేళ్లు అరిగిపాయె. గుర్తుండాదా?"

ఇక చూడాలి. నిందలు వేయమంటే మావాళ్లకు అడ్డేముంది!

"అయ్యో, అదొక ఖర్మ పెద్దమ్మా! ఉగాదికి కట్టిన దారం ఆషాఢానికే నడుము కోసుకుపాయె."

"మాదానికి మూడు తూర్లు వదిలిస్తిమి. తోకంతా అయిపోయి కొత్త దారం కొనల్సి వచ్చె."

"గౌను కుట్టిచ్చి నెల కాలేదు, గుండీ పట్టదు. ఆ సెంటర్ పుణ్యమా అని గుడ్డల దండగ!"

మొలతాడు కట్టేటప్పుడు మేము కాస్త తోక వదిలి ముడి వేస్తాం. పొట్ట పెరిగితే ముడి విప్పి తోకలోంచి వదులుతాం. దారం నీళ్లకూ ఎండకూ వెలిసిపోతుంది. ముడి లోపలున్న చోటు మాత్రం వెలిసిపోదు. కాబట్టి ముడి ఎక్కడెక్కడికి జరిగిందో ఆ నల్లమచ్చలే చెబుతాయి. ఇదంతా చెబుతుంటే ఆ అమ్మాయి కళ్లార్పకుండా విన్నది.

"అవ్వా, దీనికి టాబ్‌లో కాలమ్ లేదు."

"కాలమ్ లేకుంటే కాగితం కూడా లేదా?"

సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. ఆమెను నేను తప్పు పట్టను. అడగమన్నది అడిగింది. ఆ ప్రశ్నలు ఎక్కడో ఫ్యాన్ కింద కూర్చుని రాసినవాళ్లను అనాలి.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను. "సెంటర్ మూసినాక ఎవరెవరు మొలతాడు బిగించినారు?"

సుత్తులు ఆగిపోయాయి. నేను ఆగలేకపోయాను. నా పక్కనే ఆడుకుంటున్న ఎదురింటి పాపను దగ్గరికి తీసుకుని గౌను ఎత్తాను. మొలతాడు ముడి లోపలికి జరిగి ఉంది. పాత ముడి నల్లమచ్చ బయట, తోక మీద, రెండు వేళ్ల దూరంలో. హిందూపురం అమ్మాయి వంగి చూసింది.

"అత్తా! ఇడువు నా బిడ్డను!" కోడలు సుత్తి పడేసి వచ్చి పాపను లాక్కుంది. "నా సంసారం ఊరి ముందర ఇప్పుతాండావా? కందకు లేని దురద కత్తిపీటకేంటికి?"

"కంద నోరు తెరిస్తే కత్తిపీటకేం పనే? నోరు మూసుకోనే కదా సెంటర్ పోగొట్టుకుంటిమి!"

"నీ అన్నం నీ కాడనే పెట్టుకో. ఇంక నా బిడ్డ నీ గడప తొక్కదు."

లోపలికి పోయి గుప్పెడు ఉప్పు, మిరపకాయలు తెచ్చింది. అందరి ముందూ, నా కళ్లలోకి చూస్తూ, పాప చుట్టూ మూడుసార్లు తిప్పింది. నా దిష్టే తగిలిందన్నట్టు తీసింది. ఆ పాపకు తొమ్మిది నెలలు ముద్ద కలిపి పెట్టిన చెయ్యి నాది.

అప్పుడు మూల కూర్చున్న ఇంకో తల్లి చింతపండు చేతుల్ని చీరకు తుడుచుకుని, మాట్లాడకుండా తన బిడ్డ గౌను తానే ఎత్తింది. తరువాత ఇంకొకామె. హిందూపురం అమ్మాయి పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ముడికీ మచ్చకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి రాసుకుంది. ఆ పూట టాబ్ సంచిలోనే ఉండిపోయింది.

ఉగాది పోయాక సెంటర్ మళ్లీ తెరిచారు. కొత్త తూకం వచ్చింది. తూకం చదివి పైకి చెప్పకూడదని నేను షరతు పెట్టాను. చూసి, మెల్లగా, నా చేత్తో నేనే పుస్తకంలో అంకెలు వేస్తాను. ధర్మవరం సారు ఒకసారి వచ్చి, మీ మొలతాడు సంగతి రిపోర్టులో పెట్టామమ్మా, పైవాళ్లు మెచ్చుకున్నారు అన్నాడు. సంతోషం సార్ అన్నాను. ఆ మూసిన నెలలన్నీ మట్టి తిన్న పిల్లల సంగతి ఏ పేజీలో పెట్టారో అని కూడా అడిగాను. టైమైందని కారెక్కాడు.

ఎదురింటి కోడలు పాపను తీసుకొచ్చింది. గడప బయటే దింపి, నా ముఖం చూడకుండా పోయేది. సాయంత్రం అలాగే వచ్చి ఎత్తుకుపోయేది. రెండు నెలలు ఇదే వరస. నేనూ పలకరించలేదు. నాకు మాత్రం రోషం లేదా?

మొన్న సాయంత్రం వచ్చి పాపను చంకనెత్తుకుంది. పోబోయి ఆగింది. గౌను కింద చెయ్యి పెట్టి నడుము తడిమింది. ముడి పాత నల్లమచ్చ మీదికి వచ్చి, అక్కడ కూడా బిగుసుకుని ఉంది.

"ఈ దారం మళ్లా కోసుకుంటాంది," అంది, గోడతో చెప్పినట్టు. "చూసేవాళ్లు చూసుకోవద్దా?"

"రేపు వదులు చేస్తాలే," అని నేనూ పొయ్యితో చెప్పాను.