మస్తాన్ అన్న అంటించిన టేపు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా ఎమ్మిగనూరులో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు నవ్వేది నేనే. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వినా కోపం రాదు.

ఆదోనిలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పరిశోధన చేస్తున్నాను. రోజూ బస్సులో పోయి వస్తాను. ఎక్స్-రే డిటెక్టర్‌ను పరీక్షించడం నా పని. అది అరచేతిలో పట్టే గ్యాస్ పెట్టె. తక్కువ శక్తి ఉన్న ఎక్స్-రే కిరణాలు లోపలికి పోతే సన్నటి గీతలు పడతాయి. అవి ఎటు వాలాయో చూసి కిరణాలు ఏ దిక్కుకు ఊగుతున్నాయో చెప్పొచ్చు. దీన్నే పోలరైజేషన్ అంటారు. పెట్టెను ముప్పై డిగ్రీలు తిప్పితే కంప్యూటర్‌లో గీతలూ అంతే తిరగాలి. తిరక్కపోతే పెట్టె పనికిరాదు, నా మూడేళ్ల థీసిస్ కూడా అంతే సంగతులు.

పెట్టెను తిప్పేది మా అటెండర్ మస్తాన్ అన్న. పరీక్ష మొదలుపెట్టే బటన్ నొక్కి, పుస్తకంలో రాసేది నేను. తొందరపడితే "నేను తిప్పినాకనే నొక్కల్లమ్మా, ఉరుకులాడొద్దు" అనేవాడు. సాయంత్రం పెట్టెను సున్నా డిగ్రీల దగ్గరికి తెచ్చేవాడు. ఎవరూ కదపకుండా పెట్టెకూ దాని కింది పీటకూ కలిపి కాగితం టేపు అంటించి, దాని మీద ఉర్దూలో సంతకం చేసి ఇంటికి పోయేవాడు.

ఒక శనివారం అలాగే అంటించి పోయాడు. ఆదివారం గుండెపోటుతో చనిపోయాడని కబురొచ్చింది.

పది రోజుల తర్వాత ల్యాబు తెరిచాను. రిపోర్టుకు మర్నాడే గడువు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఏడుసార్లు పరీక్ష నడిపాను. మొదటిది సున్నా దగ్గర, ఆపైన ప్రతిసారీ సరిగ్గా ముప్పై డిగ్రీల చొప్పున గీతలు తిరిగాయి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

పుస్తకం మూస్తుంటే తట్టింది. నేను పెట్టెను తిప్పనేలేదు. మూడేళ్లుగా నా చేతికి బటన్ నొక్కడమే అలవాటు. వంగి చూశాను. పెట్టె సున్నా దగ్గరే ఉంది. టేపు ఎక్కడా చిరగలేదు.

మా గైడ్ సార్‌ను పిలిచాను. టేపును గోటితో గీకి చూశారు.

"నువ్వే తిప్పి మర్సిపోయింటావులేమ్మా" అన్నారు.

టేపు చింపకుండా ఎలా తిప్పుతాను సార్ అంటే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సాఫ్ట్‌వేర్ తప్పేమోనని ఇద్దరం రెండు గంటలు వెతికాం. పెట్టె ఎటు తిరిగి ఉందో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారే లేదు. కిరణాలు వదిలే ఎక్స్-రే గొట్టం కదిలిందేమో చూశాం. బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

మళ్లీ చెయ్యమన్నారు. అంటే ఆ టేపు చింపాలి. చింపేటప్పుడు ఏడుపు ఆగలేదు. ఈసారి నా చేత్తోనే తిప్పాను. గీతలు తిరిగాయి గానీ, ప్రతిసారీ ఒకటి రెండు డిగ్రీలు అటో ఇటో తప్పాయి.

రిపోర్టులో నేను తిప్పి తీసిన ఫలితాలే పంపాను. పెట్టె పాసయింది. మొదటి ఏడు ఫైళ్లు చెరపడానికి మనసొప్పలేదు. ప్రతి ఫైలుకూ పెట్టెను తిప్పినవాళ్ల పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆ ఏడింటికీ అది ఖాళీగానే ఉంది. ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.