పాత ఫోనుకు సపోర్ట్ ఆపేద్దామనుకున్న నెల

2023 వానాకాలం. వనపర్తి బస్టాండుకు కొంచెం దూరంలో, ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. ఆఫీసు అంటే రెండు గదులు, మూడు కంప్యూటర్లు, నలుగురు మనుషులు. నేను యాప్ డెవలపర్‌ని. ఫోన్లో నడిచే యాప్‌లు రాయడం, అవి పాడైతే బాగుచేయడం నా పని.

అప్పటికి మా దగ్గర బాగా నడుస్తున్న యాప్ ఒకటే. గద్వాల చీరల మీద చేత్తో బుటాలు వేసే నేతగాళ్ల కోసం చేసింది. బుటా డిజైను గళ్ల కాగితం మీద ఉంటుంది. ఒక్కో వరసలో ఎన్ని పోగులు ఎత్తాలి, ఎన్ని వదలాలి అన్నది ఆ గళ్లు లెక్కపెట్టుకుంటూ నేయాలి. మా యాప్ ఆ వరసను చదివి చెవిలో చెబుతుంది: "నాలుగు ఎత్తు, రెండు వదులు, మూడు ఎత్తు." చూపు కాగితం మీదికీ మగ్గం మీదికీ తిరగాల్సిన పని ఉండదు.

అంతకు నాలుగేళ్ల ముందు గద్వాలలోని ఒక చేనేత సంఘం వాళ్లు ఏ ఫోను కొనాలని మమ్మల్ని అడిగితే, బ్యాటరీ చాలాసేపు వస్తుందని, శబ్దం గట్టిగా వస్తుందని ఒక మోడల్ చెప్పాం. అందరూ అదే కొన్నారు. 2023లో దానికి పోటీగా ఇంకో కంపెనీ ఫోను వచ్చింది. తెర పెద్దది, వేగం ఎక్కువ. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఏ ఫోన్ల దుకాణం ముందు చూసినా దాని బొమ్మే. మా యాప్ కొత్తగా దించుకునేవాళ్లలో ఎక్కువమంది ఆ ఫోనువాళ్లే.

సపోర్ట్ అన్న మాట మా పనిలో తరచూ వినిపిస్తుంది. ఒక మోడల్లో యాప్ సరిగా నడిచేలా కనిపెట్టుకుని ఉండడమే సపోర్ట్. మా యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినా రెండు ఫోన్లలోనూ పరీక్షించాలి. కొత్తదాంట్లో పూటలో అయ్యే పని పాతదాంట్లో మూడు రోజులు పట్టేది. దానికి తోడు మాటలు పలికే భాగం మాది కాదు, వేరే కంపెనీ నుంచి తీసుకున్నది. కొత్త డిజైను దించుకున్న ప్రతిసారీ దాని మాటలు తయారుచేసేది ఆ భాగమే. పాత ఫోన్లలో నడిచే వెర్షన్‌ను నెలాఖరుకు ఆపేస్తున్నామని ఆ కంపెనీ మెయిల్ పెట్టింది.

నేను డ్యాష్‌బోర్డ్ తెరిచాను. ఎవరు ఏ ఫోనులో వాడుతున్నారో చూపించే పట్టిక అది. పాత మోడల్ ఎదురుగా పదకొండు అని ఉంది.

"రమేశన్నా, పదకొండు మంది కోసం ఇంత తిప్పలెందుకు? ఈ నెలతో ఆపేద్దాం" అన్నాను. కంపెనీ పెట్టింది రమేశన్నే.

ఆయన కొంచెం తటపటాయించాడు. "మనమే చెప్పి కొనిపించినం గదా, షాహీన్."

"నాలుగేండ్లు అయింది అన్నా. ఫోను ఇంకెన్నేండ్లు ఉంటది?"

ఆయన సరే అన్నాడు. ఆ రోజే పాత ఫోన్లన్నిటికీ ఒక సందేశం పంపాను. వచ్చే నెల నుంచి ఈ ఫోనులో కొత్త డిజైన్లు పలకవు, కొత్త ఫోనుకు మారండి అని.

రెండు రోజులకు గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"బిడ్డా, నేను సుగుణమ్మను. మగ్గం నేస్త. సంఘం ఆఫీసుల మీ మెసేజ్ చదివి చెప్పిండ్రు. మా ఫోను మంచిగనే ఉంది. ఏం తప్పు చేసిందని దాని నోరు మూయిస్తున్నరు?"

కొత్త ఫోను ఎంత బాగుంటుందో వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "నాకు చిలకల బుటా చీర ఆర్డర్ వచ్చింది. వచ్చే నెల మొదలుపెట్టాలె. కండ్లు మసకైనంక బుటా పని బంద్ వెట్టిన. మీ యాప్ వచ్చినంకనే మళ్ల పట్టిన. ఒక్కసారి వచ్చి చూసి పో" అంది.

కొత్త ఫోను ఒకటి, వైరు లేని ఇయర్‌ఫోన్లు ఒక జత సంచిలో వేసుకుని మర్నాడే బస్సెక్కాను. మార్పు ఎంత తేలికో చూపించి రావడమే నా ఉద్దేశం. బీచుపల్లి వంతెన దాటుతుంటే కృష్ణ నిండుగా ఉంది. ఆమెకు ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూనే గద్వాలలో దిగాను.

సుగుణమ్మకు అరవై దాటి ఉంటాయి. గుంట మగ్గంలో కాళ్లు కిందికి వేసి కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త నాగప్ప నూలు కండెలు చుడుతున్నాడు. పాత ఫోను మగ్గం కర్రకు గుడ్డపేలికతో కట్టి ఉంది. దాని నుంచి ఇయర్‌ఫోను వైరు ఒకటి ఆమె చెవికి, ఇంకొకటి కిందికి గుంటలోకి పోయింది. వంగి చూశాను. వైరు మీద ఉండే చిన్న బటన్‌ను చెక్కముక్కకు బిగించి కాలి పక్కన పెట్టుకుంది. బొటనవేలితో నొక్కితే యాప్ తర్వాతి వరస చెబుతుంది. చేతులు పోగుల మీద నుంచి కదలవు.

ఆ యాప్ రాసింది నేను. దాన్ని ఇలా వాడొచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు.

"ఇది ఎవరు చెప్పిండ్రు అమ్మా?"

"ఎవరు చెప్తరు. చేతులు ఖాళీ లేవు, కాలు ఖాళీగ ఉంది" అంది సుగుణమ్మ.

కొత్త ఫోను బయటికి తీశాను. దానికి ఇయర్‌ఫోను గుచ్చే రంధ్రమే లేదు. వైరు లేనివి ఆమె చెవిలో పెట్టి, తర్వాతి వరస కావాలంటే చెవి దగ్గర వేలితో తట్టమన్నాను. మగ్గం మీద చీర అయ్యాక మిగిలిన నూలు పోగుల మీద మామిడిపిందె బుటా వేసి చూద్దామంది. ప్రతి వరసకూ చెయ్యి పోగులు వదిలి చెవి దాకా పోవాలి. ఒకసారి తడితే రెండు వరసలు దాటింది. ఇంకోసారి అసలు కదల్లేదు. పావుగంట తర్వాత నాగప్ప వచ్చి వంగి చూశాడు.

"మామిడిపిందె అన్నరు. ఇది వంకాయ లెక్క ఉంది" అన్నాడు.

సుగుణమ్మ నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. అయితే లోపల సిగ్గుగా ఉంది. పోగులు విప్పుతూ ఆమె నెమ్మదిగా అంది, "నాకు ఫోను మీద మోజు లేదు బిడ్డా. ఏ ఫోనైతేంది? బటన్ నా కాలికాడ ఉండాలె, మాట నా చెవుల వడాలె. గంతే."

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. చుట్టుపక్కల ఇళ్లలో ఫోన్లకు నెట్ వేయించరు. సంఘం ఆఫీసులో ఒక్క ఫోనులో డిజైను దించుకుని, అక్కడి నుంచి మిగతా ఫోన్లలోకి పంపుకుంటారు. నా డ్యాష్‌బోర్డ్ నెట్ ఉన్న ఫోన్లనే లెక్కపెడుతుంది. ఆ ఒక్క వీధిలో నడిచిన మేరకే పదకొండు కంటే ఎక్కువ పాత ఫోన్లు చూశాను.

ఎలాగైనా సపోర్ట్ కొనసాగించాలని అక్కడే అనుకున్నాను. మరి మాటలు ఎవరు పలకాలి? ఆ కంపెనీ వాళ్లు ఆపేస్తే యాప్ మూగదైపోతుంది. సుగుణమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ, యాప్ మొత్తంగా ఎన్ని మాటలు పలుకుతుందో కాగితం మీద రాశాను. ఒకటి నుంచి నలభై దాకా అంకెలు, ఎత్తు, వదులు, కొన్ని రంగులు, వరస, అయిపోయింది. అంతే. ఇన్ని మాటలకు వేరే కంపెనీ యంత్రం ఎందుకు? ఒక మనిషి చేత పలికించి యాప్‌లోనే పెట్టేస్తే ఏ ఫోనులోనైనా మోగుతుంది.

"అమ్మా, ఈ మాటలు మీరే చెప్తరా? మీ గొంతే పెడదాం."

"నా గొంతా?" సుగుణమ్మ కొంగు సర్దుకుంది, ఫొటో తీస్తున్నట్టు. "ఆ మిషన్‌ది గొంతు సల్లగ ఉంటది బిడ్డా. పక్క మగ్గం చప్పుడుకు ఇనపడదు. మగ్గం మీద జర గట్టిగ చెప్పాలె."

నాగప్ప కండెలు ఆపి కదలకుండా కూర్చున్నాడు. నా ఫోను ఆమె ముందు పెట్టాను. "నాలుగు ఎత్తు" అని ఆమె అన్న తీరుకు నా చెయ్యి కూడా పైకి లేవబోయింది. గంటన్నరలో అన్నీ అయిపోయాయి. చివరి మాట పలికాక నాగప్ప ఊపిరి వదిలాడు.

"నలభై ఏండ్ల సంది నేనొక్కన్నే ఇన్న ఈ గొంతు. ఇగ ఊరంత ఇంటది. నాకు తోడు దొరికిండ్రు" అన్నాడు.

వనపర్తికి వచ్చి రమేశన్నకు రికార్డు వినిపించాను. రెండోసారి పెట్టమన్నాడు. "మిషన్ కంటే బాగుంది. కొత్త ఫోన్లల్ల కూడ ఇదే పెట్టు" అన్నాడు. పాత ఫోనుకు కొత్త హంగులేవీ చేర్చకుండా, ఉన్నది చెడకుండా మాత్రం చూసుకునే వెర్షన్ ఒకటి విడిగా చేశాం. పరీక్షించే పని మూడు రోజుల నుంచి ఒక పూటకు దిగింది. కొత్త ఫోనువాళ్లకు, సెల్ఫీలు తీసుకోవడానికి అమ్మే వైరు లేని బటన్ ఉంటుంది కదా, దాన్ని కాలితో నొక్కితే వరస మారేలా రాశాను. నెలాఖరుకు రెండు రోజుల ముందు రెండూ సిద్ధమయ్యాయి.

చిలకల చీర మగ్గం దిగిన రోజు సుగుణమ్మే ఫోన్ చేసింది. ఒక్క చిలక ముక్కు కూడా వంకర పోలేదట. "పక్కింటోళ్లు మాత్రం పరేషాన్ అయితుండ్రు. ఇంట్ల అత్త తిడుతది, చెవుల నేను తిడుతున్ననంట" అని చెప్పింది. గద్వాలలో కొందరు తర్వాత తమంతట తాము కొత్త ఫోనుకు మారారు. ఆమె మారలేదు. మారమని నేనూ అడగలేదు.

కొత్త ఫోను వస్తే పాతదాని పని అయిపోతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కొత్త ఫోను ఒక్కటే పాతదాన్ని చంపదు. దాని మెరుపు చూసి, మాలాంటివాళ్లు పాతదాన్ని వాడే మనుషుల వైపు చూడడం మానేస్తే అది చచ్చిపోతుంది. ఆ నెలలో నేను చేయబోయింది అదే. పట్టికలో ఒక అంకె చూసి మనుషులందరినీ చూశాననుకున్నాను. పాత ఫోను కోసం పడ్డ పాట్ల వల్లనే మా యాప్‌కు సొంత గొంతు దొరికింది, అది కొత్త ఫోన్లకూ పనికొచ్చింది.

ఈ మధ్య ఆ పోటీ ఫోనును కూడా తలదన్నే ఇంకొకటి వచ్చింది. మొన్న రమేశన్న నా బల్ల దగ్గరికి వచ్చి, "అప్పటి కొత్త ఫోను ఇప్పుడు పాతదైంది. దానికి సపోర్ట్ ఆపేద్దామా, షాహీన్?" అని అడిగాడు.

ఎక్కువగా వాడుతున్నది ఎవరని అడిగాను. అమరచింత నేతగాళ్లన్నాడు.

"అయితే రేపు నేను ఆఫీసుకు రాను అన్నా. అమరచింత బస్సు పొద్దున ఎన్నింటికి ఉంటది?"